బావ ఇస్తానన్న వారంటీ

మా ఇంటి కాగితాలన్నీ ఒక నీలం రంగు ఫైలులో ఉన్నాయి. సేల్ డీడు, లోన్ కాగితాలు, ఇన్సూరెన్సు పాలసీ, బిల్డర్ ఇచ్చిన వారంటీ కార్డు, అన్నిటికన్నా పైన ఇన్సూరెన్సు కంపెనీ రాసిన ఉత్తరం ఒకటి. ఇబ్రహీంపట్నంలో ఒక ఇంజినీరింగు కాలేజీ ఆఫీసులో గుమాస్తాను నేను. మార్కుల మెమోలు, టీసీలు, బోనఫైడ్ సర్టిఫికెట్లు, ఇవే నా లోకం. కాగితం తెస్తే పని అవుతుంది, తేకపోతే కాదు అని కౌంటర్ కిటికీలోంచి పిల్లల మొహం మీదే చెప్పీ చెప్పీ, బతుకంతా అలాగే నడుస్తుందని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకంతోనే మా అక్క కొంప ముంచాను. ఈ మాట ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు.

మా బావ, అంటే మా అక్క భర్త, మేస్త్రి. వాళ్ళది కందుకూరు దగ్గర పల్లె. చదివింది నాలుగో తరగతి. కానీ గోడ మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, లోపల ఇటుక ఎలాంటిదో, సిమెంటు సరిగ్గా కలిపారో లేదో చెప్పేసేవాడు. ఆ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని ఇల్లు తక్కువ. ఏ పెళ్ళికి పోయినా, ఎవరింటికి పోయినా ముందు ఆ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, తలెత్తి చూసి, "మంచిగనే కట్టిండ్రు" అనో, "గీడ జర మోసం చేసిండ్రు" అనో అన్నాకే చెప్పులు విప్పేవాడు. ఆ అలవాటంటే అక్కకు సిగ్గు. నాకు నవ్వులాట.

నేను సొంతిల్లు కొనుక్కుంటానంటే అందరికన్నా ఎక్కువ సంబరపడింది ఆయనే. ఒక ఆదివారం వాళ్ళింట్లో అందరం అన్నాలు తింటుంటే, "మహేశ్వరం దిక్కు చిన్న ప్లాటు తీస్కోరా. పునాది కాన్నుంచి నేను కడ్త. నువ్వేం ఫికర్ జెయ్యకు," అన్నాడు.

నేను అప్పటికే సాగర్ రోడ్డు పక్కన ఒక వెంచర్‌లో కట్టి అమ్ముతున్న ఇల్లు చూసి మనసు పారేసుకుని ఉన్నాను. తళతళలాడే టైల్సు, ఇనుప గేటు, ముందర మూడు మెట్లు, తలుపూ పక్క కిటికీ కలిపి పైన ఒకే పొడవాటి సజ్జ. పైగా బిల్డర్ అయిదేళ్ళ వారంటీ అని అందమైన కార్డు చూపించాడు. నాకు ఆ కార్డే నచ్చింది. అందుకే నవ్వుతూ అన్నాను: "వాళ్ళయితే అయిదేండ్ల వారంటీ రాసిస్తున్నరు బావా. నీ పనికి వారంటీ ఎవరిస్తరు?"

భోజనానికి వచ్చిన చుట్టాలు ఫక్కున నవ్వారు. బావ నవ్వలేదు.

"ఎవరిస్తరేందిరా? నేనిస్త. నేను బతికున్నన్నొద్దులు నీ ఇంట్ల సుక్క నీళ్ళు ఉరిసినా పూచి నాది."

"కాగితం మీద రాసిస్తవా మరి?" అన్నాను.

ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. అన్నం సగం అలాగే ఉంది. అక్క నా వంక ఒకసారి చూసి, ఆ కంచం తీసుకుని లోపలికి పోయింది. నేనేమో గొప్ప తెలివైన మాట అన్నాననుకుని, ఇంటికొచ్చాక మా ఆవిడకు ఆ ముచ్చట చెప్పి మళ్ళీ నవ్వాను.

సరే, వెంచర్‌లో ఇల్లే కొన్నాం. బ్యాంకులో లోన్ సంతకాలు అయ్యాక, పక్క టేబుల్ దగ్గర ఇన్సూరెన్సు చూసే ఆమె ఒక ఫారం నా ముందు పెట్టింది. అగ్గి, పిడుగు, గాలివాన, వరద, దొంగతనం. ఏది కావాలంటే ఆ గడిలో టిక్కు పెట్టాలి, ఒక్కో టిక్కుకు ప్రీమియం కొంత పెరుగుతుంది. మా ఆవిడ పక్కనే కూర్చుని గొణుగుతోంది. పాలు పొంగించకముందే ఇల్లు కాలితే, ఇల్లు మునిగితే అని ఈ అపశకునపు మాటలేమిటని ఆమె బాధ.

"గవన్ని మనకెందుకు? బ్యాంకోళ్ళకు ఏది తప్పదో గదొక్కటి పెట్టు," అంది.

నేను వింటేనా! గడి ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు నాకు. అన్నీ పెట్టుకుంటూ పోయాను. అడుగున ఇంకో గడి ఉంది. ఇంట్లో కూలికి పనిచేసేవాళ్ళకు, పని చేస్తుండగా ప్రమాదం జరిగితే దవాఖాన ఖర్చులు, కాలో చెయ్యో పోతే పరిహారం.

"మనింట్ల కూలోళ్ళెవరున్నరు? బోళ్ళు నేనే తోముతున్న, బట్టలు నేనే పిండుతున్న. నాకిస్తరా పైసలు?" అంది మా ఆవిడ.

టేబుల్ ఆమె కూడా నవ్వింది. "రంగులకో, నల్లాలకో ఎప్పుడన్నా ఎవరన్నా వస్తరు కదమ్మా," అంది. నేను దానికీ టిక్కు పెట్టాను. పాలసీ చేతికి వచ్చాక కూర్చుని ప్రతి పేజీ చదివాను. ముఖ్యమనిపించిన వాక్యాల కింద ఎర్ర ఇంకుతో గీతలు గీశాను. కూలివాళ్ళ విషయం రాసిన చోట, కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. కుటుంబ సభ్యులూ బంధువులూ దీని కిందికి రారు అని. దాని కింద కూడా గీత గీశాను. ఆ గీత ఇప్పటికీ ఉంది. వారంటీ కార్డులోనూ ఒక గీత ఉంది. స్లాబు, గోడలు, సజ్జలు అయిదేళ్ళు మాదే బాధ్యత, కానీ మా మనుషులు కాక బయటివాళ్ళు చెయ్యి పెడితే వారంటీ చెల్లదు అన్నచోట.

మా దిక్కు గృహప్రవేశంలో ఒక పద్ధతి ఉంది. వ్రతం అయ్యాక, ఇంకెవరికీ బట్టలు పెట్టకముందు ఇల్లు కట్టిన మేస్త్రిని పిలుస్తారు. పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పంచె, తువ్వాల పెడతారు. ఆయన ఆ తువ్వాల తలకు చుట్టుకుని, ఇంటిని ఒకసారి కలయజూసి, "సల్లగుండుండ్రి" అంటాడు. ఆయన ఆ మాట అన్నాకే మిగతావాళ్ళు కట్నాలు చదివించేది. మా ఆవిడ ఎర్రంచు పంచె, తువ్వాల ముందే కొని పళ్ళెంలో సర్ది పెట్టింది. వ్రతం చేయించిన అయ్యగారు మేస్త్రిని పిలవమన్నారు.

ఎవరిని పిలవాలి? బిల్డర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. మా ఇల్లు కట్టింది ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ముఠా అట. పని కాగానే పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఇంకో సైటుకు వెళ్ళారట, అక్కణ్ణుంచి ఎటు పోయారో తెలియదట. పేర్లు కూడా తెలియదన్నారు. వచ్చిన చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో ముసలామె, "మేస్త్రి లేకుంట ఇల్లెట్ల లేసింది?" అని పైకే అంది. నాకు తలకొట్టేసినట్టయింది.

మా ఆవిడ పళ్ళెం తీసుకెళ్ళి బావ ముందు నిలబడింది. "అన్నా, నువ్వు కూసో. మాకు మేస్త్రివంటె నువ్వే," అంది.

"కట్టినోనికి పెట్టే బట్టలు బిడ్డా అవి. నేను కట్టలే కదా. నాకెందుకు?" అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

ఆ బట్టలు బీరువాలో పడ్డాయి. బావ మాత్రం పోయేముందు ఎప్పటిలాగే ఇంటి చుట్టూ తిరిగాడు. వాకిలి ముందు నిలబడి సజ్జ వంక చాలాసేపు చూశాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"సజ్జ గోడను పట్టుకున్న కాడ పైన సన్నగ పర్రె ఇచ్చింది. వాళ్ళకు చూపెట్టు. ఊకె ఉండకు," అన్నాడు.

"అయిదేండ్లు వాళ్ళదే జిమ్మ బావా. వాళ్ళే చూస్కుంటరు," అన్నాను.

"సరే," అని చెప్పులు వేసుకుని అక్కను బండెక్కించుకుని వెళ్ళిపోయాడు.

మొదటి వానాకాలమే ఇల్లు ఉరిసింది. సజ్జ దగ్గరి ఆ సన్నటి పగులులోంచి నీళ్ళు లోపలి గోడలోకి దిగి, తలుపు పక్కనున్న స్విచ్చుబోర్డు దాకా వచ్చాయి. ఒక పొద్దున మా ఆవిడ లైటు వేయబోతే షాకు కొట్టి ఇవతలికి విసిరేసింది. వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. దేవుడి దయ, అంతటితో పోయింది. ఆనాటి నుంచి చినుకు పడితే మెయిన్ ఆపేసి చీకట్లో కూర్చునేవాళ్ళం. మా కూతురు పరీక్షలకు కొవ్వొత్తి ముందు చదువుకుంది. ఏం కొత్తిల్లు, ఏం వైభోగం!

బిల్డర్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. అక్కడ అద్దాల గదిలో ఒక మనిషి రిజిస్టరులో నా ఫిర్యాదు రాసుకుని, నంబరు ఇచ్చి, "మా మనిషి వస్తడు సార్," అనేవాడు. మళ్ళీ పోతే మళ్ళీ అదే రాసుకునేవాడు, ఇంకో నంబరు ఇచ్చేవాడు. కిటికీకి ఇవతల నిలబడితే ఎలా ఉంటుందో నాకు ఆ నెలలోనే తెలిసింది. ఒకసారి అరిచాను కూడా. "సార్, కార్డుల రాసినట్టే చేస్తం. తొందరపడి బయటోళ్ళతోని చేపిస్తే మాత్రం మాకు సంబంధం లేదు," అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడంటే, నా మాటే ఎవరో నాకు వినిపించినట్టుంది.

ఇక్కడ ఒక నిజం రాయాలి. బావను నేను పిలవలేదు. పిలిస్తే నా పాత మాట నేనే మింగాలి. పైగా పిలిచి చేయించానంటే వారంటీ పోతుంది. అందుకని అక్కకు ఫోన్ చేశాను. గోడ తడిసిందని, షాకు కొట్టిందని, బిల్డర్ వాళ్ళు రావట్లేదని, పిల్ల చీకట్లో చదువుతోందని ఏడుపుగొంతుతో చెప్పాను. ఒక్కసారి కాదు, మూడు రోజులు వరసగా. వెనకాల బావ మంచం మీద కూర్చుని వింటుంటాడని తెలుసు. పిలవకుండానే రావాలని, వచ్చినా నేను పిలిచినట్టు కాకూడదని నా ఎత్తు. ఇలాంటి బుద్ధి నాకు ఎక్కడినుంచి వచ్చిందో!

ఆదివారం పొద్దున్నే బావ వచ్చాడు. బండి వెనక సంచిలో తాపీ, చిన్న సుత్తి, పగుళ్ళలో నింపే మందు డబ్బా. నాలుగు రోజులుగా వాన లేదు, గోడ ఆరి ఉంది. మా ఆవిడ సంతోషం పట్టలేక బీరువాలోంచి ఆ పంచె, తువ్వాల తెచ్చింది.

"ఇయ్యాల మా ఇంటి మేస్త్రివి నువ్వే అన్నా. ఇగ కాదంటె ఊకోను," అంది.

బావ కాసేపు ఆ పళ్ళెం వంక చూసి నవ్వాడు. పంచె సంచిలో పెట్టుకున్నాడు. తువ్వాల తలకు చుట్టుకున్నాడు. "ఇప్పుడు పెట్టు, తీస్కుంట. ఇప్పుడు పని చేస్తున్న కదా," అన్నాడు. ఆ తువ్వాలలో ఆయన మొహం ఎంత బాగుందో. నాకు కడుపు నిండినట్టయింది. కానీ నా నోరు ఊరుకోదు కదా.

"బావా, మనం ముట్టుకుంటె వారంటీ పోతదంటున్నరు వాళ్ళు," అన్నాను.

"నీ వారంటీ సల్లగుండ! ఆడివిల్ల షాక్ కొట్టి సస్తె కార్డు చూపిస్తవారా?" అని గదమాయించి మెట్లెక్కి డాబా మీదికి పోయాడు.

పగులు సజ్జ పైభాగాన, గోడకు ఆనుకుని ఉంది. కింద నిచ్చెన వేస్తే చెయ్యి అందదు. డాబా మీంచి సజ్జ మీదికి దిగి కూర్చుంటేనే అందుతుంది. నేను కింద సరిగ్గా ఆ సజ్జ కిందే, మెట్ల పక్కన నిలబడి పైకి చూస్తున్నాను. ఆయన పిట్టగోడ దాటి ఒక కాలు దించి, మడమతో రెండుసార్లు కొట్టి చూశాడు. మొహం చిట్లించాడు.

"నువ్వు పక్కకు జరుగు. దీని కింద నిలవడకు," అన్నాడు.

నేను గేటు వైపు నాలుగడుగులు వేశాను. ఆయన రెండో కాలు కూడా దించాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. నేను తిరిగి చూసేసరికి సజ్జ సగం లేదు. బావ మెట్ల అంచు మీద నడుం పడేలా వెల్లకిలా పడి ఉన్నాడు. మీద కాంక్రీటు ముక్కలు. తువ్వాల ఊడి దూరంగా పడింది.

నేను పరుగెత్తి వెళ్ళి ముక్కలు తీసేశాను. ఆయన నా వంక చూడటం లేదు. పైన గోడకు వేలాడుతున్న మిగతా సజ్జనే చూస్తున్నాడు.

"సలాకలు కిందికేసిండ్రురా," అన్నాడు. "తొక్కిండ్రు. తొక్కి కిందికి దించిండ్రు."

సజ్జకు బలమంతా పై భాగంలో ఉండే ఇనుప సలాకలదే. కాంక్రీటు పోసేటప్పుడు పనివాళ్ళు అజాగ్రత్తగా వాటి మీద నడిస్తే కిందికి దిగిపోతాయి. అప్పుడు ఆ సజ్జ చూడటానికే, మనిషి బరువు ఆపదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన ఆయన ఎందుకు దాని గురించే మాట్లాడుతున్నాడో నాకు అర్థం కాలేదు. లేపబోయాను.

"లేపకు. కాళ్ళు తెలుస్తలెవ్వు," అన్నాడు మెల్లగా. "అక్కకు జర నిమ్మలంగ చెప్పు."

ఇక్కడి దవాఖానలో చూసి పట్నం తీసుకెళ్ళమన్నారు. అక్కడ ఆపరేషన్ చేశారు. వెన్నుపూస నలిగిందని, నడుం నుంచి కిందికి ఇక చలనం రాదని డాక్టరు కారిడార్‌లోనే చెప్పాడు. అక్క గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితే నా పాపం కాస్తన్నా తగ్గేది.

ఆ రోజుల్లోనే నాకు నీలం ఫైలు గుర్తొచ్చింది. కూలివాళ్ళ గడి! టిక్కు పెట్టి ఉన్నాను కదా. ఆ రోజుకు బావ కూలికి వచ్చాడని రుజువైతే దవాఖాన ఖర్చులు, ఆ పైన అక్క ఇల్లు కొన్నేళ్ళు గడిచేంత పరిహారం వస్తాయి. బ్యాంకులో ఇన్సూరెన్సు చూసే ఆమెను కలిశాను. పాపం, ఆమె తనే ఫారాలు నింపిపెట్టింది. "బంధువు అని తెలిస్తే రాదు సార్. కూలి ఇచ్చి పిలిపించుకున్నట్టు ఉండాలి," అని తల వంచుకుని చెప్పింది. ఆయన నిజంగా మేస్త్రే కదా, ఆ పనే చేస్తూ పడ్డాడు కదా, ఇందులో అబద్ధం ఎంతని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంటిపేర్లు వేరు. అక్క పేరు ఎక్కడా రాదు. కూలి రుజువు ఏమిటంటే పెట్టిన బట్టలు ఉన్నాయి.

అక్కకు ఫోన్‌లో చెప్పాను.

"నీకు ఎట్ల మంచిగనిపిస్తే గట్ల చెప్పురా. ఆయన ముందట మాత్రం ఆ మాట అనకు," అంది.

కంపెనీ తరఫున విచారణకు ఒక సర్వేయరు బావ వాళ్ళింటికి వచ్చాడు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. వాకిట్లో కుర్చీలు వేసి కూర్చోబెట్టాను. బావ లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చాను. సర్వేయరు పెద్దమనిషే, నెమ్మదిగా అడిగాడు. ఎవరు, ఏ పని, ఎవరు పిలిచారు.

"మేస్త్రి సార్. ఇల్లు ఉరుస్తుంటె కూలికి పిలిపిచ్చిన," అన్నాను.

"కూలి ఎంత మాట్లాడుకున్నరు?"

"పని అయినంక ఇస్తనన్న సార్. ముందుగాల మేస్త్రికి పెట్టే బట్టలు పెట్టినం. పంచె, తువ్వాల."

ఆయన రాసుకుంటున్నాడు. లోపల్నుంచి గొంతు వచ్చింది.

"ఏం రాస్తున్నవ్ సారూ? జర లోపలికి రా."

సర్వేయరు లేచి తలుపు తోశాడు. వెనకే నేను. బావ మోచేతుల మీద లేవబోతూ లేవలేక, దిండు మీద తల పక్కకు తిప్పి చూస్తున్నాడు.

"నేను కూలికి పోలే. నా బామ్మర్ది ఇల్లు ఉరుస్తుంటె పోయిన. ఎవ్వరు పిలువలే. నేనే పోయిన."

"మరి బట్టలు పెట్టినమంటున్నరు?"

"గది కూలి గాదు సార్. మేస్త్రికి పెట్టేది ఇజ్జత్. కూలి లెక్కల రాయకు దాన్ని."

సర్వేయరు కలానికి మూత పెట్టాడు. "పెద్దాయనా, ఆలోచించుకుని చెప్పండి. రేపు వచ్చి రాసుకుంటాను కావాలంటే," అన్నాడు. అంతకన్నా ఎక్కువ ఆయన మాత్రం ఏం చేస్తాడు.

"ఆలోచించేదేముంది? ముప్పై ఏండ్ల సంది మస్తుమంది ఇండ్లల్ల కూలికి పోయిన. చెప్పుకునేందుకు నాకేం సిగ్గు లేదు. ఆ ఇంటికి మాత్రం పోలే," అన్నాడు బావ. ఆ తర్వాత గోడ వైపు తిరిగాడు. నా వంక చూడలేదు.

నాకు ముందు కోపమే వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. ఈ మొండితనం తిండి పెడుతుందా, అక్కకు మందులు కొంటుందా అని బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి నాలో నేనే తిట్టుకున్నాను. సిగ్గు ఆ తర్వాతెప్పుడో వచ్చింది, వచ్చి మళ్ళీ పోలేదు. నెల తిరక్కుండా కంపెనీ ఉత్తరం వచ్చింది. ప్రమాదానికి చింతిస్తున్నామని, బాధితుడు పాలసీదారు బంధువు కావడంవల్ల పరిహారం ఇవ్వలేకపోతున్నామని. నేను ఎర్రగీత గీసిన వాక్యం నంబరే వేశారు.

అక్క ఇప్పుడు టమాట తోటల్లో కూలికి పోతోంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమెను కూలికి పోనివ్వలేదు బావ.

సజ్జ సంగతి. బిల్డర్ వాళ్ళ మీద కేసు వేస్తానని ఎగిరాను. బయటి మనిషిని సజ్జ మీదికి ఎక్కించింది మీరే, కాబట్టి వారంటీ చెల్లదు అన్నారు. చివరికి, మంచితనం కొద్దీ సజ్జ మళ్ళీ పోసిస్తామని, ఇక ఏ తగాదా లేదని సంతకం పెట్టమని కాగితం పంపారు. వానలు ఇంకా పోలేదు. గోడ బొక్కలోంచి ఆకాశం కనిపిస్తోంది. వకీలు దగ్గరికి పోయే ఓపిక లేదు. సంతకం పెట్టాను. కేసు వేస్తే బావకు ఏమన్నా దక్కేదేమో, తెలియదు. పెట్టేశాను.

ఆ మాట బావకు ఎలాగో తెలిసింది. ప్రమాదం తర్వాత ఆయనంతట ఆయన నాకు ఫోన్ చేసింది అదొక్కసారే. సంతకం గురించి ఒక్క మాట అడగలేదు.

"పోసేనాడు నువ్వు దగ్గరుండు. సలాకలు పైకి ఉన్నయా లేవా నీ కండ్లతోని చూడు. వాళ్ళు తొక్కకుంట చూడు. మాల్ పోసినంక ఏం కనవడదు, ఎర్కనా?" అన్నాడు.

"అవ్ బావా. ఉంట," అన్నాను.

పోసే రోజు కాలేజీలో అడ్మిషన్ సర్టిఫికెట్ల తనిఖీ. నేను పొద్దున వాళ్ళు కర్రలు కట్టేదాకా ఉన్నాను. పది గంటలకు ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. గంటలో వస్తానని చెప్పి పోయాను. అక్కడ కిటికీ ముందు బారులు తీరి ఉన్నారు. ఒక పిల్లవాడి టీసీ లేదని వాళ్ళ నాన్నతో అరగంట వాదించాను. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సజ్జ పోసేసి, పైన నున్నగా తాపీతో రుద్దేసి ఉంది. తడి సిమెంటు. "సలాకలు పైకే ఉన్నయా?" అని పనివాణ్ణి అడిగాను. అతనికి నా భాష రాదు. చేతులతో చూపించాను. అతను తల ఊపాడు. ఎందుకు ఊపాడో, దేనికి ఊపాడో నాకు తెలియదు.

ఎండలు ముదిరాక ఒక రోజు అక్క బావను పట్నం దవాఖానలో చూపించి, తిరిగి వెళ్తూ ఆటోలో మా ఇంటికి తీసుకొచ్చింది. పడిన తర్వాత ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. చక్రాల కుర్చీ గేటు లోపలికి తెచ్చాం. మూడు మెట్లున్నాయి కదా, నేనూ ఆటో అతనూ కలిసి ఎత్తబోయాం. బావ వద్దన్నాడు. బస్తాను మోసినట్టు మోయించుకోలేనన్నాడు. అందుకని వాకిట్లోనే ఉండిపోయాం. మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి, గ్లాసు అక్కకిచ్చి, ఎప్పటిలాగే తలెత్తి ఇంటిని చూశాడు. చూపు సజ్జ దగ్గర ఆగింది. కొత్త సజ్జకు తెల్ల రంగు వేశారు. నున్నగా ఉంది.

"దగ్గరుండి చూసినవా?" అన్నాడు.

నిజం చెప్పి ఉండొచ్చు. ఆయన మొహం చూస్తే చెప్పలేకపోయాను. మాట ఇచ్చి, ఆ ఒక్క పని కూడా చేయలేదని ఆ కుర్చీ ముందు నిలబడి ఎలా చెప్పను?

"చూసిన బావా."

"సలాకలు పైకే ఉన్నయా?"

"పైకే ఉన్నయి."

"నీ కండ్లతోని చూసినవ్ కదా. అయిపాయె," అన్నాడు. ఆ మాటతో ఆయన మొహం తేటపడింది. చాలా రోజుల తర్వాత నన్ను సూటిగా చూశాడు. ఆ తర్వాత అక్క వైపు తిరిగి, "ఎండ మస్తు కొడ్తున్నది. నన్ను జర గా సజ్జ కిందికి నూకు," అన్నాడు.

అక్క కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళి కిటికీ ముందు, సరిగ్గా సజ్జ నీడలో నిలిపింది. తనూ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంది. బావ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. పక్కకు జరగమని ఒక్క మాట అనాలి. నాకు నోరు రాలేదు. వాళ్ళు లేచి ఆటో ఎక్కేదాకా నేను గేటు పట్టుకుని, సజ్జ గోడను పట్టుకున్న చోటునే చూస్తూ నిలబడ్డాను.